అమ్మ జడ, నా జుట్టు

నా జుట్టును సాపు చేయడానికి మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు పడిన పాట్లు తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది. ఆ వెనకే వాళ్ళకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఒకరు మా అమ్మ. ఇంకొకరు మా పిన్ని, అమ్మకు చెల్లెలు, అమలాపురంలో రెండు కుర్చీల పార్లరు నడుపుతుంది. మూడో మనిషి మా మేనత్త, నాన్నకు అక్క. ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యం జరిగినా పద్ధతి ఎక్కడ తప్పుతుందో చూడటానికే పుట్టినట్టు ఉంటుంది. నా పెళ్ళికి ముందు ఆ కొన్ని నెలలూ ఈ ముగ్గురికీ నా తల తప్ప వేరే లోకం లేదు.

నాది ఉంగరాల జుట్టు. అందంగా అలలు అలలుగా ఉంటుందనుకునేరు, అదేం కాదు. దువ్వెన దిగితే పళ్ళు విరగాల్సిందే. తడిగా ఉన్నప్పుడు నడుం దాకా వస్తుంది, ఆరేసరికి భుజాల మీదకు ఎగబాకి కూర్చుంటుంది. మేనత్త జుట్టూ ఇంతే, కాకపోతే ఆవిడ దాన్ని నూనెతో అణగదొక్కి ముడి వేసేస్తుంది. చిన్నప్పుడు బడికి పంపే ముందు అమ్మ నన్ను మోకాళ్ళ మధ్య బిగించి, గిన్నెడు కొబ్బరినూనె పోసి, రెండు జడలు వేసేది. నేను పెట్టే కేకలకు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి "పిల్లని ఏం చేస్తన్నావమ్మా" అని అడిగేది. ఇంత జరిగినా నాకు నా జుట్టు మీద ఎప్పుడూ కోపం రాలేదు. నా కోపమంతా దాని గురించి సలహాలిచ్చేవాళ్ళ మీదే.

అమ్మ జుట్టు వేరు. నల్లగా, నున్నగా, తిన్నగా పిరుదులు దాటి జారేది. మా ఊరు కొత్తపేటకు దగ్గర, ఇంటి వెనక కొబ్బరితోట. తలంటుకున్న రోజున అమ్మ పెరట్లో కుర్చీ వేసుకుని జుట్టంతా వెనక్కి వదిలేసి కూర్చునేది. అది ఆరేదాకా ఇంట్లో ఏ పనీ జరిగేది కాదు. అమ్మ దేనికీ గొప్పలు పోయే మనిషి కాదు. వంట బాగుందంటే "ఆ, ఏముందిలే" అనేస్తుంది. జుట్టు విషయంలో మాత్రం కాస్త టెక్కు ఉండేది. పెళ్ళిళ్ళకు వెళ్తే భోజనాల బంతిలో జడ ఒళ్ళో వేసుకోకుండా వెనక్కే వదిలేసేది, నలుగురూ చూడాలని.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అమ్మకు రొమ్ములో గడ్డ ఉందని తేలింది. మందులు ఎక్కిస్తే జుట్టు ఊడిపోతుందని డాక్టరమ్మ నెమ్మదిగా, మేం బెదరకుండా చెప్పింది. అమ్మ అంతా విని, "ఎన్నాళ్ళకి ఊడుద్దండీ?" అని మాత్రం అడిగింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ కారు పిన్ని పార్లరు ముందు ఆపించింది. లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చుని, "కోసెయ్యవే" అంది. పిన్ని కత్తెర పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ అద్దంలోంచే పిన్నిని కసిరింది. "ఏడుపు తరవాత ఏడుద్దువుగాని. ముందు వంకర పోకుండా కొయ్యి. సవరం కట్టించాలి."

సవరం అంటే ఇప్పటి పిల్లలకు చెప్పాలేమో. జడ పొడుగు కోసం అసలు జుట్టులో కలిపి అల్లుకునే విడి జుట్టు. మా వైపు ఆడవాళ్ళు దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను పారేయకుండా చుట్టచుట్టి దాచి, సవరం కట్టించుకునేవారు. అమ్మ మాత్రం దువ్వెనకు రాలినది కాదు, తన జడ జడంతా ఇచ్చి మూడు పాయల సవరం కట్టించింది. అది చేతికి వచ్చిన రోజు నా ముందు పెట్టి అంది. "తలకాయ బోడైతే అయ్యింది. ఈ జడ నీ పెళ్ళిలో నీ వీపు మీద ఉండాలి. అది నేను చూడాలి."

చూడాలి అన్నప్పుడు అమ్మ గొంతు ఎలా ఉందో నాకు ఇంకా గుర్తే. అమ్మ చావంటే భయమని ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆ సూదులు, ఆ వాంతులు, ఆ నీరసం అన్నీ ఓర్చుకుంది. ఆసుపత్రి మంచం మీద పడుకుని, "పెళ్ళిలో జడకుప్పెలు నాయనమ్మవి పెడదామా, కొత్తవి చేయిద్దామా" అని అడిగేది. అప్పటికి నాకు సంబంధమే చూడలేదు.

అమ్మ గట్టెక్కింది. ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి. తలకు మళ్ళీ జుట్టు మొలిచింది, కాకపోతే ఉంగరాలు ఉంగరాలుగా మొలిచింది. పిన్ని చూసి "ఇదేం చోద్యమే అక్కా, నీ తల మీద దీని జుట్టు వచ్చింది" అని నన్ను చూపించింది. కొందరికి అలా వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. నాకైతే ముద్దొచ్చింది. అమ్మకు నచ్చలేదు. "ఇది నాది కాదే. ఎవరిదో తెచ్చి అంటించినట్టుంది" అనేది. గుండుగా ఉన్నప్పుడు తల మీద కప్పుకున్న కొంగు జుట్టు వచ్చాక కూడా దించలేదు. పాలు పోసే అతను వచ్చినా కొంగు, చుట్టాలొస్తే కొంగు, గుడికి వెళ్తే కొంగు. మా వైపు ఆడవాళ్ళకు తల మీద కొంగు అలవాటు లేదు, అందుకే అందరూ ఇంకా ఎక్కువ చూసేవారు. తన జుట్టంటే అమ్మ దృష్టిలో సవరమే. దాన్ని పాత పట్టుచీర మడతలో కర్పూరం వేసి దాచింది.

సంబంధం కుదిరింది, శ్రావణంలో ముహూర్తం పెట్టారు. ఆ వారమే అమ్మ సవరం బయటికి తీసి నా తలకు కట్టి చూసింది. పిన్నీ మేనత్తా ఉన్నారు. పైన నా జుట్టు పొదలా లేచి ఉంది, దాని కిందనుంచి అమ్మ జుట్టు నున్నగా తిన్నగా వేలాడుతోంది. మేనత్తే ముందు అంది. "గొర్రెకి గుర్రం తోక కట్టినట్టుందమ్మా." అందరం పడీ పడీ నవ్వాం, అమ్మతో సహా. తర్వాత అమ్మ ఆ అతుకు దగ్గర వేళ్ళు పెట్టి నొక్కింది, లాగింది, మళ్ళీ నొక్కింది. ఇంక నవ్వలేదు.

"పూలజడ వేయించేద్దాం, అతుకు కనపడదు" అంది మేనత్త.

"జడంతా పూలతో కప్పేస్తే నా జుట్టెవరికి కనపడుద్ది వదినా" అంది అమ్మ. "ఉత్తి జడే వెయ్యాలి. బిళ్ళలు పెట్టుకుంటాం, కుప్పెలు పెట్టుకుంటాం. అంతే."

అలా నా జుట్టు సాపు కావాల్సి వచ్చింది. అందం కోసం కాదు, అమ్మ జడతో కలవడం కోసం. నా జుట్టు బాగోలేదని అంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు, ఇల్లు పీకి పందిరేసేదాన్ని. కానీ అమ్మ అడిగినది వేరు.

పిన్ని పార్లరులో జుట్టును శాశ్వతంగా సాపు చేసే మందు ఉంది. ఘాటుగా వాసన వస్తుంది, పెట్టించుకున్నవాళ్ళకు నెలల తరబడి జుట్టు వంకర తిరగదు. పిన్ని ముందు జాగ్రత్తగా ఆ మందు చుక్క నా చెవి వెనక రాసి చూసింది. తెల్లారేసరికి అక్కడ పొక్కులు లేచాయి, మెడ వాచింది. చర్మం డాక్టరు చూసి, "మీకిది పడదమ్మా. తలకి పెడితే జుట్టు సంగతి అటుంచండి, తలే పుండవుద్ది" అన్నాడు. పిన్ని ఆ సీసాను మా అమ్మ కంటపడకుండా పై అరలో పెట్టేసింది. "మందు లేకుండానే చేస్తాను. నా పార్లరు మీద ఒట్టు" అంది. తన పార్లరు మీద ఒట్టేసిందంటే దేవుడి మీద వేసినదానికన్నా ఎక్కువే.

అక్కడినుంచి మొదలైంది నా తల మీద వంట. ఎవరో ఫోన్లో వీడియో పంపారట, కొబ్బరిపాలు, నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ కలిపి గంజిలా కాచి తలకు పట్టిస్తే జుట్టు సాపవుతుందని. తోటలో కాయలకేం లోటు. అమ్మ రోజూ పాలు పిండేది, నేను తలకు పట్టించుకుని పెరట్లో కూర్చునేదాన్ని, చీమలు బారులు తీరేవి. ఓ రోజు అన్నం దగ్గర నాన్న "ఇవాళ పులుసులో పాలు పొయ్యలేదేంటి?" అని అడిగాడు. "మీ అమ్మాయి నెత్తి మీద ఉన్నాయి, పిండుకోండి" అంది అమ్మ. నాన్న నా వైపు చూసి, మజ్జిగ పోసుకున్నాడు. జుట్టు మెత్తబడింది, అది నిజం. సాపు మాత్రం కాలేదు.

తర్వాత అవిసెగింజలు ఉడకబెట్టిన జిగురు. ఆ తర్వాత పిన్ని కొట్లోంచి ఏవేవో తెచ్చింది. తల తడిగా ఉండగా రాసే క్రీము, వేడి తగిలినా జుట్టు మాడకుండా కొట్టే స్ప్రే, చివర రాసే సీరమ్. ఇవన్నీ రాశాక స్ట్రెయిటనర్‌తో పాయపాయగా లాగాలి. అమ్మ ఆ యంత్రాన్ని పట్టకారు అనేది. మొదటిసారి ఇంట్లో మేమిద్దరమే ప్రయత్నించాం, పిన్ని లేకుండా. వేడి పెట్టేముందు తలకు నూనె రాయకపోతే ఎలా అని అమ్మ బాధ. మా కోనసీమలో పుట్టినవాళ్ళకు తలకు సంబంధించిన ఏ పనైనా కొబ్బరినూనెతోనే మొదలవుతుంది. శుభ్రంగా నూనె పట్టించి, దాని మీద పట్టకారు పెట్టింది. సుర్రుమంది. వడియాలు వేగిన వాసన వచ్చింది. పొగ చూసి అమ్మ యంత్రం వదిలేసి నా తల మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించింది. చెవి పక్కన గుప్పెడు జుట్టు కమిలి చేతిలోకి వచ్చేసింది.

పిన్నికి తెలిసి మమ్మల్ని ఇద్దరినీ దులిపేసింది. "నూనె రాసి ఇస్త్రీ చేస్తారా? అది తలా, పెనమా? ఇంక ఈ పిల్ల తల ముట్టుకుంటే ఊరుకోను చెప్తన్నా." అక్కడినుంచి ఆదివారమొస్తే అమ్మా నేనూ బస్సెక్కి అమలాపురం వెళ్ళేవాళ్ళం. పిన్ని మిగతా పనులు ఆపి, పార్లరు తలుపు దగ్గరగా వేసి, నా తల పట్టేది. ముందు కడిగి, క్రీము రాసి, చివర్లనుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసేది. నా జన్మలో మొదటిసారి నొప్పి లేకుండా ఎవరైనా నా తల దువ్వారంటే అది పిన్నే. పూర్తిగా ఆరేదాకా ఓపిక పట్టేది. తడి మీద వేడి పెడితే జుట్టు లోపల్నుంచి ఉడుకుతుందనేది. తర్వాత సన్నటి పాయ తీసి, ఒక్కసారి మాత్రమే, నెమ్మదిగా లాగేది. చెయ్యి నొప్పెడుతున్నా రెండోసారి అదే పాయ మీద పెట్టేది కాదు. అమ్మ పక్క కుర్చీలో కొంగు కప్పుకుని కూర్చుని చూస్తూ ఉండేది, ఏ పాయా తప్పిపోకుండా. ఆ ఆదివారాలకు నేను పిన్నికి ఏమిచ్చినా తీరదు.

పార్లరులో అద్దం ముందు నేను నాలా ఉండేదాన్ని కాదు. నున్నగా, బుద్ధిమంతురాలిలా ఉండేదాన్ని. బస్టాండు దాకా బానే ఉండేది. బస్సు కాలవ గట్టు ఎక్కి, కిటికీలోంచి తడిగాలి తగిలిందా, నుదుటి దగ్గరనుంచి ఒక్కొక్కటే చుట్టుకోవడం మొదలు. ఇల్లు చేరేసరికి నేను మళ్ళీ నేనే. మా చుట్టూ గోదారి, కాలవలు, చేలు, చెరువులు. గాలిలోనే సగం నీళ్ళు. "ఈ నేల మీద తిన్నగా ఉండమంటే ఏదీ ఉండదు" అని నేను విసుక్కునేదాన్ని. పిన్ని మాత్రం పట్టు వదల్లేదు. సీరమ్ మార్చింది, పాయలు ఇంకా సన్నం చేసింది, ఆ తర్వాత తలకు పట్టుగుడ్డ చుట్టి బస్సెక్కించింది. ఆషాఢం చివర్లో ఓ ఆదివారం ఇంటికొచ్చి గుడ్డ విప్పితే జుట్టు అలాగే ఉంది. అమ్మ పరుగున వెళ్ళి సవరం తెచ్చింది. కలిపి అల్లింది. అతుకు ఎక్కడుందో వేలితో వెతికింది, దొరకలేదు. నా భుజం మీద చెయ్యేసి నిలబడిపోయింది.

పెళ్ళి ఇంటి ముందు పందిట్లోనే. ముందు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని నన్ను గదిలో కూర్చోబెట్టింది. సాయంత్రం దీపాలు పెట్టేదాకా లాగింది, బయట జల్లు పడుతున్నా గది తలుపులు బిగించి. అయ్యాక పట్టుగుడ్డ చుట్టి, "కదలకు, తిరగకు, తల గోక్కోకు" అని చెప్పి పడుకోబెట్టింది. చుట్టాలందరూ వరసగా వచ్చి గుడ్డ ఎత్తి చూసి వెళ్ళారు. అమ్మ సవరాన్ని దిండు పక్కనే పెట్టుకుంది. అందరం హాయిగా నిద్రపోయాం. ఇంతమంది ఆడవాళ్ళం, ఇన్ని నెలలు తల గురించే ఆలోచించినవాళ్ళం, మర్నాడు పొద్దున్న ఏం జరుగుతుందో ఒక్కరమూ ఆలోచించలేదు.

తెల్లవారాక మేనత్త గదిలోకి వచ్చింది. ఒక చేతిలో వెండి గిన్నెతో నూనె, ఇంకో చేతిలో నలుగుపిండి. వెనక ముత్తైదువలు. బయట సన్నాయి మొదలైంది. "లేమ్మా, మంగళస్నానం. ముందు నేను నూనె పెట్టాలి" అంది.

పిన్ని మొహం పాలిపోయింది. తన పార్లరులో ఎంతోమంది పెళ్ళికూతుళ్ళు తయారయ్యారు. కానీ వాళ్ళది సహజంగా తిన్నటి జుట్టో, మందు పెట్టించుకున్న జుట్టో. తలంటినా ఏమీ కాదు. నా జుట్టుకు నీటి చుక్క తగిలితే చాలు, నిన్న మధ్యాహ్నమంతా వృథా. "వదినగారూ, మాడు మీద ఓ చుక్క అద్దేసి, మెడ కిందనుంచి పోయించండి" అని బతిమాలింది పిన్ని.

"నలుగు పెట్టి తలంటకుండా ఆడపిల్లని పీటల మీద కూచోబెడతామా? ఇంతవరకూ మా ఇంట్లో లేదు" అంది మేనత్త. గొంతు పెంచలేదు, గిన్నే దించలేదు.

నాకు ఒళ్ళు మండింది. "మీ పద్ధతులు మీరే పోసుకోండి, నేను రాను" అన్నాను. అమ్మ వైపు తిరిగి, "నువ్వు చెప్పమ్మా. ఇన్నాళ్ళు దేనికి పడ్డాం?" అన్నాను. అప్పటికే నాకు ఏడుపు వచ్చేస్తోంది. అమ్మ ఆసుపత్రి మంచం మీద కుప్పెల గురించి మాట్లాడటం కళ్ళ ముందు కనబడుతోంది.

అమ్మ దిండు పక్కనున్న సవరం వైపు చూసింది. తర్వాత మేనత్త చేతిలో గిన్నె వైపు చూసింది. "తలంటండి వదినా" అంది. "నా జడ లేకపోతే పెళ్ళి ఆగదు. దీనికి నిండుగా స్నానం జరగాలి. నేను బతికుండి చేయించాలనే గదా ఇంతా పడ్డది."

వెళ్ళి పీట మీద కూర్చున్నాను. మేనత్త నా మాడు మీద నూనె పెట్టింది, తలంతా అంటింది. పాటలు పాడారు. నూనె, నలుగు, నీళ్ళు, నా కన్నీళ్ళు అన్నీ కలిసి కారిపోయాయి. జుట్టు ఎప్పటిలా చుట్టలు చుట్టుకుంది.

నూనె వదలడానికి కుంకుడు రసం పోస్తుండగా మేనత్త నా చెవి దగ్గరకు వంగింది. "ఏడవకు. కుంకుడుకాయ నూనె చుక్క కూడా ఉంచదు. ముహూర్తానికి ఇంకా టైముంది. ఆరబెట్టే పని నేను చూస్తాను, లాగే పని మీ పిన్ని చూస్తది" అంది. ఆవిడ పద్ధతి ఆవిడ జరిపించుకుంది, ఇప్పుడు అమ్మ పని జరిపించడానికి కొంగు బిగించింది. ఆ నిమిషం దాకా నేను మేనత్తను మనసులో ఎన్ని తిట్టానో నాకే తెలుసు. ఆ నిమిషం నుంచి ఇవాళ్టి దాకా ఒక్క మాట అనలేదు.

గదిలో హెయిర్ డ్రయ్యరూ స్ట్రెయిటనరూ కలిపి పెట్టగానే లైట్లు ఆరిపోయాయి. వానకు కరెంటు ముందే పోయింది, పందిరంతా జనరేటరు మీద నడుస్తోంది. బయటినుంచి జనరేటరు మనిషి అరిచాడు. "రెండూ పెట్టకండమ్మా, లోడు ఆగదు." పిన్ని డ్రయ్యరు పక్కన పడేసింది. మేనత్త వంటింట్లోంచి నిప్పులు తెచ్చి, సాంబ్రాణి వేసి, బుట్ట బోర్లించింది. నన్ను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, జుట్టంతా మంచం అంచునుంచి ఆ బుట్ట మీదకు జారవిడిచి, ముత్తైదువలతో విసనకర్రలు ఊపించింది. ఒక పక్క ఆరిన పాయను మేనత్త అందిస్తుంటే పిన్ని స్ప్రే కొట్టి లాగేది. ఇద్దరూ జన్మలో మొదటిసారి మాటా మాటా అనుకోకుండా పని చేశారు. లాగిన పాయలన్నిటినీ అమ్మ చేత్తో పట్టుకుని, గాలి తగలకుండా కొంగుతో కప్పి కూర్చుంది. దానికోసం తల మీది కొంగు కాసేపు తీయాల్సి వచ్చింది. గదిలో అందరం ఆడవాళ్ళమే, అయినా చీరెల పెట్టె వైపు తిరిగి కూర్చుంది.

పురోహితుడు పిలుస్తున్నాడని కబురు మీద కబురు. వెనక జుట్టు పూర్తయింది. ముందు భాగం, నుదుటి చుట్టూ, చెవుల పక్కన మిగిలిపోయింది. "అది వదిలెయ్యండి" అంది అమ్మ. "జడకి వెనకదే కావాలి." సవరం కలిపి, అతుకు దొరక్కుండా పిన్ని బిగించి అల్లింది. బిళ్ళలు పెట్టారు, కింద నాయనమ్మ కుప్పెలు కట్టారు. నేను లేచి నిలబడితే వీపు మీద బరువుగా, చల్లగా అమ్మ జడ ఆనింది. అమ్మ మళ్ళీ తల మీద కొంగు కప్పుకుని నాతో పందిట్లోకి వచ్చింది.

కన్యాదానం జరిగింది, జీలకర్ర బెల్లం పెట్టారు. వాన తడికి, జనం వేడికి నుదుటి మీద ఉంగరాలన్నీ లేచి నిలబడ్డాయని నాకు తెలుస్తూనే ఉంది. వెనక జడ మాత్రం కదల్లేదు. కన్యాదానం అయ్యాక అమ్మా నాన్నా పీటల మీంచి లేచారు. నాన్న అతిథుల దగ్గరకు వెళ్ళాడు. అమ్మ నా వెనకే నిలబడిపోయింది. అక్కడ కుర్చీలో పెళ్ళికొడుకు నాయనమ్మ కూర్చుని ఉంది. ఆవిడ నా జడ చేతిలోకి తీసుకోవడం నాకు తెలిసింది. ఎత్తి, బరువు చూసి, కుప్పెల దాకా నిమిరింది.

"ఏవమ్మాయ్, పిల్ల జడ సొంతదేనా? సవరవా?" అని అమ్మని అడిగింది.

మా వైపు పెద్దవాళ్ళు ఇలాంటివి నలుగురిలోనూ అడిగేస్తారు, అందులో తప్పు పట్టడానికి లేదు. అయినా పక్కన తలంబ్రాల పళ్ళెం పట్టుకున్న మేనత్త ఆగిపోయింది. ఏదో ఒకటి చెప్పి నవ్వేస్తే అయిపోయేది. అమ్మ జబ్బు సంగతి వాళ్ళకు పైపైన తెలుసు, జడ సంగతి తెలియదు.

"సొంతదేనండీ" అంది అమ్మ.

పెద్దావిడ జడ వదల్లేదు, అమ్మే మళ్ళీ అందుకుంది.

"నా సొంతవండి. ఒంట్లో బాగోనప్పుడు ఊడిపోద్దన్నారండి. ఊడకముందే కోయించి, దీని పెళ్ళికని దాచేనండి. ఇదిగో, ఇప్పుడు నాకున్నదింతేనండి."

గాజుల చప్పుడైంది. ఆ పెద్దావిడ గొంతు ఈసారి తగ్గింది. "ఏదీ, ఇలా రా తల్లీ. పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నావు. ఇలా కూచో."

పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురు వెనక్కి తిరిగి చూడకూడదు. నేను తిరిగి చూశాను. అమ్మ తల మీద కొంగు లేదు. ఆ పెద్దావిడ పక్క కుర్చీలో కూర్చుని, అంతమంది జనంలో, తల వంచి ఆవిడ చేతికిచ్చేసి ఉంది. ఆవిడ ఆ పొట్టి ఉంగరాల్లో వేళ్ళు పెట్టి నెమ్మదిగా నిమురుతోంది. అమ్మ కళ్ళు మాత్రం నా జడ మీదే ఉన్నాయి.